తరుగు

మండపేట రైసు మిల్లులో కాటా గుమాస్తాని.
ఇరవై రెండేళ్లుగా నా పని
ఇంకొకళ్ల బరువు రాయడం.

ఓ మధ్యాహ్నం లారీ రాక, ఏం తోచక
నేనే ఎక్కి నిలబడ్డాను, చెప్పులతో సహా.
నూట అయిదు.
అంటే ఒక బస్తా,
దాని మీద ముప్పై కేజీలు.

హమాలీ చింతాలు తలగుడ్డ విప్పుకుంటూ చూశాడు.
"మా బస్తా గొడౌన్లో దింపేత్తామండి,
మరి తవరిదెక్కడ దింపుతారండీ?"
వెటకారం కాదు. నిజంగానే అడిగాడు.
ఆ ప్రశ్నని కూడా ఇంటికి మోసుకెళ్లాను.

ముందు దొడ్డిదారి వెతికాను.
నెల్లాళ్లలో పది కేజీలన్న పొడి డబ్బా
రామచంద్రపురం నించి తెచ్చి
మూడు పూటలా నీళ్లలో కలుపుకు తాగాను.
పదకొండో రోజు తూకం చీటీ రాస్తుంటే
అంకెలు ఈగల్లా లేచిపోయాయి.
కళ్లు తెరిచేసరికి ధాన్యంలో పడున్నాను.

అరచేతికి అంటుకున్న గింజొకటి
అలవాటుగా పంటి కింద వేసి కొరికాను.
ఇంకా తేమ ఉంది.

రైతులకి నేనే చెబుతాను కదా ఏటేటా:
తొందరపడి కాల్చేస్తే గింజ లోలోపలే చిట్లుద్ది,
మరలో పడితే అంతా నూకే.
రోడ్డు మీద పరిచి, కాళ్లతో చాళ్లు తీసి,
రాత్రికి కుప్పజేసి పట్టా కప్పి
పొద్దున్నే మళ్లీ విప్పి...
అలా ఆరాలి.
తరుగు దానంతటదే వస్తుంది.

మాఘమాసం చలిలో కాలవ గట్టెక్కాను.
మొదటిరోజు పుంత మలుపు దాకా.
ఒగర్చుకుంటూ దిమ్మ మీద కూలబడితే
ఓ కొంగ నన్ను గట్టులో భాగమనుకుంది.
లాకుల దాకా వెళ్లడానికి రెండు నెలలు పట్టింది.

ఇంట్లో వీరవేణి ఏమీ అనలేదు.
అన్నం గరిటె మార్చింది, అంతే.
పాతది అటకెక్కింది.
రాత్రిపూట పెరుగన్నం పోయి జొన్నరొట్టె వచ్చింది.
దాన్ని నములుతూ గోడకేసి చూసేవాణ్ణి
కొత్త చుట్టంతో ఏం మాట్లాడాలో తెలీనట్టు.
సెంటర్లో బజ్జీల బండి నూనెపొగ
పేరు పెట్టి పిలిచేది.
వారానికోసారి పలికేవాణ్ణి.
అబద్ధమెందుకు, రెండుసార్లు.

వైశాఖంలో కాలవ కట్టేశారు.
నీళ్లు తీసేకొద్దీ అదీ సన్నబడింది.
అడుగున ఓ చెప్పు, పగిలిన కుండ,
ఎవరో పారేసుకున్న సైకిలు తాళం చెవి.
జ్యేష్ఠంలో నీళ్లొదిలే నాటికి
చొక్కా బొత్తాం కింద వేలు దూరుతోంది.
ఎవరికీ కనిపించలేదు, దర్జీకి తప్ప.

కార్తీకంలో తుపాను.
తొమ్మిది రోజులు కిటికీ, పకోడీలు, కిటికీ.
రెండు కేజీలు తిరిగొచ్చేశాయి
తడిసిన బస్తాకొచ్చినట్టు.
ఆ రాత్రి అటక మీది గరిటె వైపు చూశాను కాసేపు.
పదో రోజు బురదలో, వీరవేణి గొడుగుతో,
మళ్లీ పుంత మలుపు దాకా.

ఇది రెండో మాఘం.
ఇవాళ చింతాలే ఎక్కమన్నాడు, చెప్పులిప్పి.
తొంభై ఒకటి.
"ఎక్కడ దింపారండీ?"

ఎక్కడని చూపించను?
ఒక్కచోట దింపింది కాదు.
చిల్లుపడ్డ గోనెసంచీ లోంచి కారినట్టు
గట్టు పొడుగునా గింజా గింజా పోయి ఉంటుంది.
ఏ రోజూ ఏమీ పోయినట్టు అనిపించలేదు.
బస్తా మీద ఇంకా పదహారు ఉన్నాయి.

బయట లారీ హారన్ కొట్టింది.
దిగాను.
ముల్లు సున్నాకొచ్చేదాకా ఆగి
బండి నంబరు రాసుకున్నాను.